చుట్ట లేకుండా కూర్చున్నాను

ఈ మధ్య మా ఇంటి నుంచి గని దాకా ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్తున్నాను. వినేవాళ్ళకు ఇదీ ఒక గొప్పేనా అనిపిస్తుంది. పోయిన ఏడు ఇదే రోజుల్లో పెరట్లోకి పోయి రావడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. అందుకని నాకిది గొప్పే. చుట్ట నోట్లో పెట్టుకుని పలకరాయి కొట్టేవాళ్ళు మార్కాపురం చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఒక్కడైనా ఇది ఎవరిచేతనైనా చదివించుకుని వింటాడేమోనని రాస్తున్నాను. వినకపోతే వాళ్ళ ఖర్మ. రాస్తుంటే నా మనసు కుదుటపడుతోంది, ఆ లాభం నాకు ఎటూ పోదు.

నా పేరు సుబ్బయ్య. మాది తర్లుపాడు పక్కన చిన్న పల్లె. వాన పడితే మా మెట్ట చేలో సజ్జ, కంది వేస్తాం. పడకపోతే పలకల గనికి పోతాం. పడని ఏళ్ళే ఎక్కువ కాబట్టి, పేరుకు రైతులమే గాని మేము గనివాళ్ళమే. బోర్డు స్కూల్లో ఐదో తరగతి దాకా చదివాను. ఊళ్ళ పిల్లలంతా మేము చేసిన పలకల మీద దిద్దుకుంటున్నారు, నేను మాత్రం ఎందుకు రాయకూడదని ఈ పని పెట్టుకున్నాను.

ముందు గని సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా జబ్బు మీకు అర్థం కాదు. గోతిలోంచి పైకి తెచ్చిన రాతిని మగవాళ్ళం కొట్టం కింద కూర్చుని ఉలితో పొరలు పొరలుగా చీలుస్తాం. తర్వాత పలకలుగా కోసి అంచులు ఆకురాయితో అరగదీస్తాం. పొద్దు గూకేసరికి కనుబొమలు, మీసాలు అన్నీ దుమ్ముతో తెల్లబడతాయి. కొత్త పెళ్ళికొడుకు కూడా ఇంటికి తాతలాగా పోతాడు. పనికిరాని ముక్కలను, అంటే చెత్తరాయిని, ఆడవాళ్ళు గంపలకెత్తి దిబ్బ మీద పోసి వస్తారు. నా భార్య నాగమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ గంప మోస్తోంది.

పనిలో మధ్యమధ్య సుత్తి కింద పెట్టేది ఒక్కందుకే. మేస్త్రి రంగన్న మామ చెకుముకిరాయి కొట్టి దూదికి నిప్పు అంటించి, "నిప్పు!" అని కేక వేస్తాడు. ఆ నిప్పుతో అందరం చుట్టలు ముట్టించుకుని, చుట్ట అయిపోయేదాకా కూర్చుంటాం. ఆ కూర్చోవడానికి మా గనిలో పేరే "నిప్పు". చుట్ట లేనివాడు కూర్చోకూడదు. కూర్చోకూడదని ఎవరూ రాసిపెట్టలేదు, కానీ అది అంతే. గనిలో చేరిన కొత్తలో నేను చుట్ట తాగేవాణ్ణి కాదు. అందరూ కూర్చుని ఉంటే నేనొక్కణ్ణే టంగు టంగుమని కొడుతుండేవాణ్ణి. నడుము పడిపోయేది. ఒక నెల చూసి నేనూ చుట్ట పట్టాను. అప్పుడు కాస్త నడుము వాల్చడం దొరికింది.

ఇంకో సంగతి. పొగ తాగితే గుండెల్లో చేరిన రాతిదుమ్ము బయటికి వచ్చేస్తుందని మా గనివాళ్ళందరి నమ్మకం. మా నాయన దాన్ని నాకు చూపించి మరీ నేర్పాడు. చుట్ట తాగి, దగ్గి, ఉమ్మి, "సూడరా, ఎంత బూడిదరంగుగా ఉండాదో! పొగ లోపలికి పోయి దుమ్మును ఊడ్చుకోనొచ్చినాది" అనేవాడు. కళ్ళకు కనిపిస్తుంటే నమ్మక ఏం చేస్తాం? నాయన చివరి రోజుల్లో ఊపిరి అందక, చుట్ట పీల్చే సత్తువ కూడా లేక పోయాడు. చుట్ట మానేయబట్టే దుమ్ము గెలిచిందని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కర్మలన్నీ అయిపోయాక రోజుకు ఇంకో రెండు చుట్టలు ఎక్కువ తాగాను, జాగ్రత్త కోసమని.

చిత్రభాను, మాఘం

దగ్గు మొదలై చాలా కాలమే అయింది. కానీ మా గనిలో దగ్గనివాడు ఎవడు? ఆ మాఘంలో మాత్రం దగ్గు తీరు మారింది. తెల్లారి లేవగానే మొదలైతే మంచం పట్టె పట్టుకుని వంగిపోయేవాణ్ణి. కళ్ళు బైర్లు కమ్మేవి. నాగమ్మ వీపు రుద్దుతూ, "ఇంత దగ్గుకు మందు తాగకుంటే ఎట్లయ్యా?" అనేది. నేను చుట్ట ముట్టించుకుని అదే మందు అనేవాణ్ణి. ముట్టించుకుంటే నిజంగానే కాసేపు నిమ్మళంగా ఉండేది. అదే దాని మాయ.

ఒకనాడు గోతిలోంచి రాతిబండ భుజానికెత్తుకుని వాలు ఎక్కుతున్నాను. సగం ఎక్కేసరికి గాలి లోపలికి పోలేదు. నోరు తెరుస్తున్నాను, పీలుస్తున్నాను, ఏమీ పోవడం లేదు. బండ జారి కింద పడి ముక్కలైంది, నేను దాని పక్కనే కూలబడ్డాను. నాతో పనిచేసే ఓబులేసు పరుగెత్తుకొచ్చి నన్ను కొట్టం కిందికి లాగి, ప్రేమతో చేసిన మొదటి పని ఏమిటంటే తన చుట్ట నా నోట్లో పెట్టడం. "పీల్చన్నా, బాగా పీల్చు, దుమ్ము అడ్డం పడినట్టుండాది" అన్నాడు. వాడి తప్పు లేదు. వాడి స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

స్వభాను, వైశాఖం

ఉగాది దాటేసరికి ఒళ్ళు సగమైంది. ఎముకల మీద చొక్కా వేలాడేది. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. క్షయ అని ఎవరు మొదట అన్నారో తెలియదు. మా వదిన మాత్రం గట్టిగా పట్టుకుంది. మా అన్నదీ నాదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఒకరోజు అన్నానికి కూర్చుంటే నా కంచం లేదు. పంచలో, గొడ్లకు కుడితి పెట్టే తొట్టి పక్కన బోర్లించి ఉంది. నీళ్ళ చెంబు కూడా వేరే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంది వదినా ఇది? నేనేమన్నా కుక్కనా?" అని అరిచాను. అరుపు పూర్తి కాకముందే దగ్గు వచ్చి అక్కడే చతికిలబడ్డాను. వదిన తలుపు వెనక నిలబడి ఏడుస్తోంది. "నా పిల్లోళ్ళుండారు మరిదీ. నువ్వు కోపం జేసుకున్నా సరే, నేను బిడ్డల్ని జూసుకోవాల గదా" అంది. అన్న తల దించుకుని నేల వైపు చూశాడు. ఆ పూట నాగమ్మ తన కంచం కూడా తెచ్చుకుని పంచలోనే నా పక్కన కూర్చుని తింది. మా అమ్మాయి లక్ష్మి మా దగ్గరికి రాబోతే నాగమ్మ కళ్ళతోనే వద్దంది. అది గడప మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ తింది. ఆ చూపు నన్ను చాలా రోజులు తినేసింది.

అప్పుడే నాకు భయం వేసింది, చచ్చిపోతానని. మా నాయన ఆఖరి రోజులు కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి ఆ చావు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అది నాకు వద్దు. నాగమ్మకు చెప్పాను. ఆమె అప్పటికే బట్టలు మూట కట్టి ఉంచింది. నంద్యాలలో మంచి డాక్టరు ఉన్నాడని ఎవరినో అడిగి తెలుసుకుంది కూడా.

స్వభాను, జ్యేష్ఠం

తర్లుపాడులో రైలెక్కాం. యుద్ధం రోజులు, రైలు నిండా జనం. అయినా నా దగ్గు వినగానే మా చుట్టూ చోటు దానంతటదే ఏర్పడింది. గిద్దలూరు దాటి నల్లమల ఎక్కేదాకా బాగానే ఉంది. కొండను తొలిచిన బొగద వస్తుందని అందరూ కిటికీ తలుపులు దించారు. మా పక్క తలుపు విరిగిపోయి ఉంది. రైలు చీకట్లోకి పోగానే ఇంజను పొగ అంతా పెట్టెలోకి వచ్చేసింది. జనం కొంగులు, తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఊపిరి తిరగలేదు. చీకట్లో నాగమ్మ చెయ్యి పట్టుకుని, ఇక్కడే పోతాననుకున్నాను. ఎదురుగా కూర్చున్న ముసలి సాయిబు ఒకాయన తన తువ్వాలు కూజా నీళ్ళతో తడిపి నా మొహానికి అదిమాడు. "మెల్లగా, నాయనా, మెల్లగా. తడిగుడ్డలోంచి పీల్చు. అయిపోయింది, అయిపోయింది" అని బొగద దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. నా జబ్బు ఏమిటని ఆయన అడగలేదు. తువ్వాలు కూడా నాకే ఇచ్చి తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు.

వెలుతురులోకి వచ్చాక నేను చేసిన పని చెబితే నవ్వుతారు. గుండె కాస్త కుదుటపడగానే నడుములోంచి చుట్ట తీశాను. నాగమ్మ నా వైపు చూసి, "పొగ తాగితే దుమ్ము పోతాదంటివే, ఇప్పుడు బొగదలో తాగినావు గదా ఇంజనంత పొగ! సాల్లేదా?" అంది. పక్కవాళ్ళు నవ్వారు. నాకు కోపమొచ్చింది. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. చుట్ట మాత్రం ముట్టించాను. చెయ్యి నా మాట వినే స్థితిలో లేదు.

నంద్యాల ఆసుపత్రి వరండాలో రెండు రోజులు కూర్చున్నాం. ఉమ్మిని గాజు గిన్నెలో పట్టి లోపలికి తీసుకుపోయారు, రేపు చెబుతామన్నారు. ఆ వరండా గురించి ఒక్క మాట చెప్పాలి. అక్కడ పెద్దా చిన్నా లేదు. గిద్దలూరు అడవి నుంచి వెదుర్లు కొట్టే ఆయన, ఒక కోమటి ఇల్లాలు, మేకల మంద అమ్ముకుని కొడుకును తెచ్చిన గొల్లామె, అందరం ఒకే బల్ల మీద. లోపలి నుంచి ఎవరి పేరైనా పిలిస్తే అందరి గుండెలూ ఒక్కసారి ఆగేవి. గొల్లామె తన రాగిముద్దలో సగం తుంచి నాగమ్మ చేతిలో పెట్టి, "తిను వదినా, ఆకలితో ఉంటే ఏ మాటా తట్టుకోలేం" అంది. నా కంచం పంచలో పెట్టిన ఇంటి నుంచి వచ్చిన మాకు ఆ సగం ముద్ద చాలా పెద్దదిగా కనిపించింది.

మర్నాడు డాక్టరు పిలిచాడు. బట్టతల, కాస్త చిరాకు మనిషి. "క్షయ కాదు" అన్నాడు. నాగమ్మ అక్కడే గోడకు ఆనుకుని చెన్నకేశవుడికి దండం పెట్టుకుంది. నా సంతోషం ఎటు పోయిందో తెలుసా? చెయ్యి మళ్ళీ నడుములో చుట్ట మీదికే పోయింది. డాక్టరు అది చూశాడు.

"రోజుకు ఎన్ని?" అన్నాడు.

"లెక్కేముంది సామీ. రాతిదుమ్ము పోవాలంటే తాగాల గదా."

ఆయన నన్ను తిట్టబోయి ఆగాడు. నాగమ్మ వైపు తిరిగి, "అమ్మా, నువ్వూ గనిలోనే పని చేస్తావా? ఎన్నాళ్ళుగా?" అని అడిగాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచి అని చెప్పింది. "చుట్ట తాగుతావా?" అంటే సిగ్గుపడి తల అడ్డంగా ఊపింది. ఆయన గుండె పరీక్ష చేసే గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టి, రెండో చివర నాగమ్మ వీపు మీద ఆనించి ఊపిరి తియ్యమన్నాడు. లోపల గాలి వచ్చి పోతున్న చప్పుడు మెత్తగా, తెరిపి లేకుండా వినిపించింది. తర్వాత నా ఛాతీ మీద పెట్టాడు. నేను ఊపిరి పీల్చాను. ఆ చప్పుడు నాకు బాగా తెలిసిందే. ఉలి దిగినప్పుడు రాయి పొరలు విడిపోతూ చేసే చిటపట. అది నా లోపలి నుంచి వస్తోంది.

"ఇద్దరిదీ ఒకే గని, ఒకే దుమ్ము" అన్నాడు డాక్టరు. "దుమ్ము మంచిదని నేను అనను. ఈమె కూడా మూతికి తడిగుడ్డ కట్టుకోవాలి, నువ్వూ కట్టుకోవాలి. కానీ పొగ దుమ్మును బయటికి తెస్తుందంటే, తాగని ఈమె గుండెల్లో దుమ్మంతా పేరుకుపోయి ఉండాలి కదా? మరి ఈమెకెందుకు అలా వినబడుతోంది, నీకెందుకు ఇలా?"

మా నాయన మొహం కళ్ళ ముందు నిలిచింది. చివరి రోజుల్లో చుట్ట అందకే ఆయన పోయాడని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. చంపింది ఆ చుట్టేనని అప్పుడు అర్థమైంది. ఆ గదిలోనే ఏడ్చాను.

"పోయిన ఊపిరి తిరిగి రాదు" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఉన్నది నిలబెట్టుకోవడమే నీ పని. చుట్ట ఇవాళే మానేస్తే నడుస్తావు, పని చేసుకుంటావు. మానకపోతే ఈసారి నిన్ను మోసుకు రావాలి."

బయటికి వచ్చి సంచిలో ఉన్న చుట్టలన్నీ తీసి వరండా చివర పారేయబోయాను. వెదుర్లు కొట్టే ఆయన, "పారేయకు తమ్ముడూ, నాకియ్యి" అని చెయ్యి చాచాడు. ఆయన దగ్గు నాకంటే ఘోరంగా ఉంది. ఇవ్వలేదు. ఆయనకు కోపం వచ్చింది. వస్తే రానీ అనుకుని మురికికాలవలో వేశాను.

స్వభాను, ఆషాఢం

చుట్ట మానడం గురించి ఎవరైనా తేలిక అంటే వాళ్ళను నమ్మకండి. మొదటి వారం నాకు పిచ్చి పట్టిందనే మా ఇంట్లో అనుకున్నారు. చేతులు వణికేవి. నిద్ర పట్టేది కాదు. చుట్ట లేకపోతే పొద్దున్నే చెంబు పట్టుకుని పొలం వైపు పోయి, పోయినవాణ్ణి పోయినట్టే తిరిగి వచ్చేవాణ్ణి. ఇది రాయడానికి సిగ్గే. కానీ చుట్ట మానాలనుకునే ప్రతివాడూ మొదట భయపడేది దీనికే, అందుకని రాస్తున్నాను. వారం దాటాక కడుపు దానంతటదే దారిలో పడుతుంది. పొద్దున్నే వేడినీళ్ళు తాగండి.

నాగమ్మ పొగాకు కట్ట దాచేస్తానంది. వద్దన్నాను. "దాస్తే ఎతుకుతా. గూట్లో నా కళ్ళ ముందరే పెట్టు, రోజూ సూసి తిట్టుకుంటా" అన్నాను. అట్లాగే పెట్టింది. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా దాన్ని బూతులు తిట్టేవాణ్ణి. లక్ష్మికి అదొక ఆట అయింది. "నాయనా, పొగాకును ఈ పొద్దు ఇంకా తిట్టలేదు" అని గుర్తు చేసేది.

ఇంట్లో అందరి మీదా అరిచాను. సంగటి చల్లారిందని అరిచాను, వేడిగా ఉందని అరిచాను. వదిన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. క్షయ కాదని తెలిసిన రోజే నా కంచం లోపలికి తెచ్చి, తోమి, అందరి కంచాల మధ్య పెట్టింది. రోజూ నేను చేనుకు పోయేటప్పుడు వేయించిన శనగలు నా తువ్వాలు కొంగున ముడి వేసి ఇచ్చేది. "నోరు ఊరికే ఉంటే ఆ పాడుది అడుగుతాది మరిదీ, దీన్ని నములుతా ఉండు" అనేది. నాకు ఆమె మీద కోపం పోయింది. బిడ్డల తల్లి, భయపడింది. నేనూ భయపడినవాణ్ణే కదా.

మధ్యలో ఒకసారి జారాను. వాన పడి చేలో విత్తనాలు వేస్తున్నాం. అన్న సగం తాగి గట్టు మీద పెట్టిన చుట్ట ఇంకా పొగలు కక్కుతోంది. ఎవరూ చూడడం లేదు. నాలుగు అడుగులు వేసి దాన్ని తీసి పీల్చాను. ఆ మొదటి పీల్పు ఎంత హాయిగా ఉందో అబద్ధం చెప్పను. రెండో పీల్పుకు దగ్గు తగులుకుంది, గట్టు మీద పడి గిలగిలా కొట్టుకున్నాను. తేరుకుని చూస్తే నాగమ్మ సంగటి గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. గంప దించి, నాకు వీపు పెట్టి కూర్చుంది. తిట్టివుంటే బాగుండేది. ఆ పూట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒట్లు ఏమీ పెట్టుకోలేదు. ఈ పూట తాగను, అంతవరకే అనుకున్నాను. ఆ మాటే ఇప్పటికీ రోజూ అనుకుంటున్నాను.

స్వభాను, భాద్రపదం

వానలు మొహం చాటేశాయి. మొలిచిన సజ్జ మొలిచినట్టే మాడింది. మళ్ళీ గనికి పోక తప్పలేదు. డాక్టరు చెప్పినట్టు తడిగుడ్డ మూతికి కట్టుకుని పోయాను. నాగమ్మకూ కట్టాను. మమ్మల్ని చూసి అందరూ దొంగలొచ్చారని నవ్వారు. నవ్వుకోనీ.

కష్టం నవ్వుతో రాలేదు, నిప్పుతో వచ్చింది. రంగన్న మామ "నిప్పు!" అన్నాడు. సుత్తులు ఆగాయి. అందరితో పాటు నేనూ సుత్తి పెట్టి కూర్చున్నాను.

"ఏందిరా సుబ్బయ్యా, చుట్ట యాడ?" అన్నాడు మామ.

"మానేసినా మామా. డాక్టరు వద్దన్నాడు."

"మంచిది. అట్లయితే కొట్టు. చుట్ట లేనోడికి కూసునే పనేంది?"

ఆయన చెడ్డవాడు కాదు. నేను పడిపోయిన రోజు బండి కట్టించి ఇంటికి పంపింది ఆయనే. కానీ అది ఆయన నాయన కాలం నాటి పద్ధతి, అందులో తప్పుందని ఆయనకు తోచదు. నేను సుత్తి తీసుకున్నాను. చుట్టూ పొగ, మధ్యలో నేను, ఊపిరి అందక ఆగి ఆగి కొడుతున్నాను. చుట్ట మానితే ఊపిరి నిలుస్తుందన్నాడు డాక్టరు. చుట్ట మానితే ఆ ఊపిరి పీల్చుకునే వీలు కూడా ఉండదని ఆయనకేం తెలుసు?

రెండు రోజులు చూసి ఒక ఉపాయం చేశాను. గూట్లో పొగాకుతో ఒక చుట్ట చుట్టి, నిప్పు అనగానే నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ముట్టించలేదు. మామ చూసి నవ్వి ఊరుకున్నాడు. నోట్లో చుట్ట ఉంది కదా, లెక్క సరిపోయింది. ఆ ఉత్త చుట్టతో నెల పైనే గడిపాను. "అన్న చుట్టకు ఇంకా ముహూర్తం రాలేదు" అని ఓబులేసు ఆటపట్టించేవాడు. ఆట వాళ్ళకు. నాకు మాత్రం పొగాకు వాసన ముక్కులోనే ఉంటే, నోరంతా నీరు ఊరుతుంటే, అది నరకం. పైగా ఎవరో ఒకరు మర్యాద కొద్దీ నిప్పు ముందుకు చాపుతారు. మాలో నిప్పు కాదనడం చెయ్యి తోసెయ్యడమే. రోజూ ఎవరినో ఒకరిని నొప్పించాను.

స్వభాను, కార్తీకం

ఒకనాడు ఓబులేసు సరదాకి, నేను ఎటో చూస్తుంటే తన చుట్ట కొనను నా చుట్ట కొనకు ఆనించాడు. నాకు తెలియకుండానే నోరు దాన్ని లాగింది. ఇన్ని నెలలైనా నోరు మరిచిపోలేదు. పొగ గుండెల్లోకి దిగింది. దగ్గి దగ్గి కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు కారాయి. ఓబులేసు భయపడి నా వీపు నిమురుతూ, "తప్పైపోయినాది అన్నా, సరదాకి జేసినా" అన్నాడు.

వాడి మీద నాకు కోపం రాలేదు. నా మీద వచ్చింది. ప్రాణం నిలుపుకోవడానికి నంద్యాల దాకా పోయినవాణ్ణి, ఆ ప్రాణం తీసేదాన్ని రోజూ నోట్లో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎందుకు? కాసేపు కూర్చోవడానికి! చుట్టను కింద పడేసి సుత్తితో పొడి పొడి చేశాను.

"మామా" అన్నాను, గొంతు సరిగా రాకపోయినా అందరికీ వినబడేట్టు. "ఇంక నా నోట్లో చుట్ట ఉండదు. ముట్టించిందీ ఉండదు, ముట్టించందీ ఉండదు. నువ్వు నిప్పు అంటే నేను కూసుంటా. కూసోవద్దంటే ఇంటికి పోతా, పస్తులుంటా. నాకుండేది ఈ రవ్వంత ఊపిరి. దీన్ని నేను ఎవురికీ ఇయ్యను."

మామ చెకుముకి చేత్తో పట్టుకుని అట్లాగే చూశాడు. ఆయన మొహంలో కోపం కంటే తికమకే ఎక్కువ కనిపించింది.

"నీ ఒక్కడి సంగతైతే పోనీలే అందును రా" అన్నాడు చివరికి. "చుట్ట లేకుండా నువ్వు కూసుంటే, రేపు ఆడోళ్ళు కూసుంటారు. వాళ్ళకూ చుట్టల్లేవు గదా. అప్పుడు చెత్తరాయి ఎవురు మోస్తారు?"

అప్పటిదాకా నా ఊపిరి, నా కూర్చోవడం తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. ఇన్నేళ్ళుగా మేము నిప్పు పెట్టుకుని కూర్చున్న ప్రతిసారీ ఆడవాళ్ళు మా ముందు నుంచే గంపలతో పోతూ వస్తూ ఉన్నారు. చూస్తూనే ఉన్నాను. అది పని తీరు అనుకున్నానే గాని, వాళ్ళు కూర్చోవడం లేదని నాకెప్పుడూ తోచలేదు. తల తిప్పి చూశాను. నాగమ్మ నిండు గంప నెత్తిన పెట్టుకుని, మూతికి తడిగుడ్డ కట్టుకుని, కొట్టం అంచున ఆగి ఉంది. మామ మాట విన్నది.

మా ఇద్దరి చూపులు కలిశాయి. నేను జరిగి నా పక్కన కాస్త చోటు చేశాను.

నాగమ్మ నెమ్మదిగా వచ్చింది. గంప దించి, నెత్తి మీది చుట్టకుదురు తీసి దాని మీద పెట్టి, నా పక్కన కూర్చుంది. ఆమె వెనక వచ్చే ఓబులేసు తల్లి ఒక క్షణం ఆగి, "నా మోకాళ్ళు సచ్చిపోయినాయి, ఎవురేమన్నా అనుకోండి" అని గంప దించింది. తర్వాత ఇంకొకరు. తర్వాత దిబ్బ మీద ఉన్నవాళ్ళు కూడా ఏమైందో చూడడానికి వచ్చి, చూసి, కూర్చున్నారు.

రంగన్న మామ అందరినీ కలియజూశాడు. తిడతాడని అనుకున్నాను. ఆయన ఓబులేసు తల్లి వైపు చూశాడు. వరసకు ఆమె ఆయనకు అక్క. ఆమె మోకాళ్ళు పిసుక్కుంటూ ఆయన వైపే చూస్తోంది. మామ గొంతు సవరించుకుని తన చుట్ట ముట్టించుకున్నాడు. "కూసోండి, కూసోండి. నా చుట్ట అయిపోయేదాకే" అని గొణిగి, తనూ కూర్చున్నాడు.

అదిగో, అప్పటి నుంచి మా గనిలో నిప్పు అందరికీ ఉంది. ఓబులేసు ఇంకా చుట్ట మానలేదు, రోజుకు ఒకటి తగ్గించానంటాడు, నేను నమ్మను. చుట్ట పట్టకుండానే గనిలో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరున్నారు. నా ఛాతీలో చిటపట పోలేదు, పోదు కూడా. చలికాలంలో భయం వేస్తుంది. అయినా నడుస్తున్నాను.

ఆ రోజు మాత్రం నాగమ్మ కాళ్ళు చాపుకుంది. మూతికి కట్టిన గుడ్డ విప్పి, రెండు చేతులూ వెనక్కి ఆనించి, కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చింది. గనిలో ఆమె అట్లా కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే నన్ను అడిగింది.

"ఏమయ్యా, ఇన్నేండ్లు మీరంతా చుట్ట తాగింది దీనికోసరమేనా?"

"అవును" అన్నాను.

"పిచ్చోళ్ళు" అంది, నా భుజానికి ఆనుకుంటూ. "ఊరికేనే కూసోని ఉండొచ్చు గదా."